కుడి బటన్ సందులో అట్టముక్క

పదకొండేళ్ల కిందట ప్రెస్సులో కాగితాలు కోసే యంత్రం దాన్ని నడిపే తండ్రి కుడిచేతి రెండు వేళ్లు తీసుకుంది. విచారణకు వచ్చిన పెద్దమనుషులు ‘ఆపరేటర్ అజాగ్రత్త’ అని ఒక్క ముక్కలో తేల్చేసి ఉద్యోగం కూడా పీకించారు. అప్పటినుంచీ ఆయన నోట ‘కత్తిని ఆపే బ్రేకు అరిగిపోయింది’ అన్న మాట తప్ప మరోటి లేదు. ఎనిమిదో తరగతితో చదువు అటకెక్కించినవాడి మాట ఎవడు వింటాడు? అందుకే కూతురు ఫ్యాక్టరీ ప్రమాదాల మీద థీసిస్ రాస్తున్నానన్నప్పుడు, ఇక తన మచ్చ చెరిగినట్టేనని మురిసిపోయాడు.

తీరా ఆ ప్రమాదం మీద రాసిన అధ్యాయాన్ని గైడు తిప్పి పంపాడు. విచారణ నివేదిక ఏమందో రాశావు, మీ నాన్న ఏమన్నాడో రాశావు, రెండింటినీ తూచి చూసిందెక్కడ అని అడిగాడట.

"మీ గైడు ఏనాడైనా ఒక్క రీము కాగితం కోశాడా?" అన్నాడు తండ్రి.

కూతురు నవ్వలేదు. నివేదిక చివరి పేజీలోని ఫొటో ఆయన ముందుకు జరిపింది. ఆ యంత్రానికి రెండు బటన్లు. రెండు చేతులతో ఒకేసారి నొక్కితేగాని కత్తి కిందికి దిగదు. ఫొటోలో కుడి బటన్ లేవకుండా దాని సందులో అట్టముక్క మడిచి కుక్కి ఉంది. దాని గురించి నివేదికలో ఒక్క మాట లేదు. ఇంట్లోనూ ఎప్పుడూ లేదు.

"ఇది ఎవరు పెట్టారు నాన్నా?"

ఆయన మొహం కందగడ్డయింది. వేళ్లు పోగొట్టుకున్నవాణ్ని దొంగను నిలదీసినట్టు నిలదీస్తావా, ఇందుకేనా నిన్ను చదివించింది అని గొణిగాడు. ఆమె తొణకలేదు. బ్రేకు అరిగిన మాట నిజమేననీ, రిపేరు కాగితాలు దొరికాయనీ చెప్పింది. కానీ ఈ ఫొటో సంగతి దాటేస్తే, రేపు పరీక్షకుడు దీన్నే చూపిస్తాడనీ, అప్పుడు బ్రేకు మాట కూడా కొట్టుకుపోతుందనీ అంది.

ఆయన మొండివేళ్లను రెండో చేత్తో కప్పుకున్నాడు.

"నేనే పెట్టాను. అందరం పెట్టేవాళ్లం. రెండు చేతులూ బటన్ల మీదుంటే కాగితం సర్దేదెవరు, మీ తాతా? సూపర్‌వైజర్ రోజూ వెనకే నిలబడి చూసేవాడు. చూసి, ఇంకా కానివ్వండి అనేవాడు."

కూతురు రాసుకుంది. రాసింది చదివి వినిపించింది. "అట్టముక్క పెట్టింది ఆపరేటరే. అది లేకుండా చెప్పిన పని పూర్తయ్యేదా అని మాత్రం విచారణ అడగలేదు."

మొదటి వాక్యం కొట్టెయ్యమందామని ఆయన నోరు తెరిచాడు. అది లేకపోతే రెండోదాన్ని ఎవడూ నమ్మడని తెరిచాకే తట్టింది.

"రోజుకు రెండువందల నలభై రీములు కోయమనేవాళ్లు," అన్నాడు చివరికి. "అదీ రాయి."