మూత కింద గాలి

ఎరువుల కొట్టు బావమరిది లేకపోతే తన పొలం తనకుండేదని అతను కనపడ్డవాళ్లందరికీ చెబుతాడు. అందులో సగం నిజం.

వాగు పక్కన పల్లపు నేల అది. ఊటకి భయపడి ఎవరూ దున్నకపోతే, భూముల ఆఫీసువాళ్లు అతనికిచ్చారు. షరతు ఒక్కటే. నేల వదిలే గ్యాసు మూడేళ్లలో ఒక్కసారి కూడా వాళ్లు పెట్టిన గీత దాటకూడదు. దాటకపోతే పట్టా, దాటితే భూమి వెనక్కి.

పదిహేను రోజులకోసారి ఆఫీసు నుంచి కొలతలమ్మాయి వచ్చేది. పొలంలో పాతిన ఆరు ఇనుప రింగుల మీద మూతలు బిగించి, అరగంట ఆగి, సిరంజితో లోపలి గాలి లాగి సీసాల్లో పట్టేది.

"మొక్క తాగగా మిగిలిన ఎరువుని తడినేలలో కంటికి కనపడని పురుగులు తింటాయి బాబాయ్. తిని గ్యాసు వదులుతాయి. బొగ్గు కాలిస్తే వచ్చే గ్యాసు కన్నా దాదాపు మూడొందల రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుందది. చారెడు వేసే చోట దోసెడు వేయకండి."

రెండేళ్ల పదకొండు నెలలు అతను చారెడు దాటలేదు. పైరు మాత్రం కామెర్లొచ్చినట్టు నిలబడేది.

ఆఖరి కొలతకి పెద్దాఫీసరు కూడా వస్తాడని తెలిసింది. వారం ముందు బావమరిది గట్టెక్కి నవ్వాడు.

"ఈ పసుపు మొహం చూపించా బావా పట్టా అడిగేది?"

"వాళ్లు చూసేది గ్యాసురా."

"గ్యాసు కనపడదు. పైరు కనపడుతుంది. ఫొటో దిగేముందు తల దువ్వుకోవా?"

భార్య అడ్డుపడింది. "వాడి మాట వినకండి."

"నీ తమ్ముడేగా?"

"నా తమ్ముడు కాబట్టే చెబుతున్నా."

మర్నాడు పొద్దున్నే రెండు బస్తాల యూరియా చల్లాడు. ఆఫీసరు నిలబడేది రింగుల దగ్గరే కాబట్టి అక్కడ ఇంకాస్త ఒత్తుగా. మధ్యాహ్నం వాన పడింది. కలిసొచ్చిందనుకున్నాడు.

వారానికి పైరు నల్లగా నిగనిగలాడింది. ఆఫీసరు భుజం తట్టాడు. కొలతలమ్మాయి మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

"ఏం వేశారు బాబాయ్?"

ఆమె మూతలు బిగించింది. అతను ఆ అరగంటా వాటినే చూస్తూ నిలబడ్డాడు.

"నీళ్లు పెట్టి కడిగేస్తే పోదామ్మా?"

"వాగులోకి పోయింది పోగా, మిగిలింది పైకొస్తోంది. ఇంక ఆగదు."

పది రోజులకి కాగితం వచ్చింది. గీతకి తొమ్మిది రెట్లు. బావమరిది ఇంటిదాకా వచ్చి, గడపలోనే ఆగి, "మూత కింద దొరికిపోతుందనుకోలేదు బావా" అన్నాడు. అతను తిట్టడానికి నోరు తెరిచాడు. చల్లిన చెయ్యి ఎవరిదో గుర్తొచ్చి మూసుకున్నాడు.

రింగులు అతని చేతే పీకించారు. పైరు ఇంకా పచ్చగానే ఊగుతోంది. పోయింది రెండెకరాల పదిహేడు సెంట్లు.