డాక్టరుగారి టై

యూనివర్సిటీ సైకాలజీ విభాగం బేస్‌మెంట్‌లో, సామాన్ల గది తలుపు చాటున నిలబడి దశరథరామయ్య టై వదులు చేసి తలమీదుగా తీశాడు. ముడి విప్పలేదు. ఎప్పుడో ఓ పెళ్లిలో ఎవరో కట్టిపెట్టిన ముడి అది. విప్పితే మళ్లీ కట్టుకోవడం ఆయనకి రాదు. దాన్ని కొక్కేనికి తగిలించి, అటెండెంట్ల బూడిదరంగు చొక్కా తొడుక్కున్నాడు. బట్టతల, సన్నటి మెడ, ఏమీ మోయనప్పుడు కూడా వంగే ఉండే భుజాలు.

రోజూ జరిగే తంతే ఇది. దేశంకాని దేశంలో, జురాంగ్ ఈస్ట్ అనే పేటలో ఆయన ఉండే ఫ్లాట్ల బ్లాకులో తెలుగువాళ్లందరికీ ఆయన డాక్టరుగారు. "సైకాలజీ డిపార్ట్‌మెంట్‌లో పని" అని ఆయన చెప్పింది నిజమే. మిగతాది వాళ్లే కల్పించుకున్నారు. కాదనడానికి నోరు రాలేదు. ఆ పిలుపు వినడానికి బాగుంది మరి! పోనుపోను టై కూడా వచ్చి చేరింది.

అక్కడితో ఆగినా బాగుండేది. కిందటేడు పక్కింటి ప్రసన్నలక్ష్మి, కూతురు అనన్య రాత్రుళ్లు నిద్రపోవడం లేదని, ఊరికే ఏడుస్తోందని, హాస్పిటల్‌కి తీసుకెళ్లాలా అని అడిగింది. ఈయన ఆమె ఇచ్చిన కాఫీ తాగుతూ, "అక్కర్లేదమ్మా, పరీక్షల భయం, అదే పోతుంది" అన్నాడు. ఆమె తీసుకెళ్లలేదు. ఇప్పుడా అమ్మాయి ఈ విభాగంలోనే మొదటి సంవత్సరంలో చేరింది. ఇవాళ ఆ క్లాసుకి సామాన్లు చేర్చాల్సింది ఈయనే.

టక్ టక్‌మని తాళం వేసే మెట్రోనోమ్, వేలికి పెట్టే నాడి క్లిప్పు ట్రాలీలో పెట్టుకుని, తల వంచుకుని గదిలోకి తోసుకెళ్లాడు. తల వంచుకుంటే ఎవరికీ కనబడనని చంటిపిల్లల నమ్మకం. కిటికీ పక్కన అనన్య కనబడనే కనబడింది. తననే చూస్తోంది.

లెక్చరర్ మిస్ టాన్ పాఠం మొదలుపెట్టింది. సైకాలజీ తత్వశాస్త్రం నుంచి విడిపడి, జర్మనీలో ఓ ప్రయోగశాలలో సైన్సుగా నిలబడిందట. మొదటివాళ్లు మనిషికి ఇలాంటి మెట్రోనోమ్ వినిపించి, లోపల ఏమనిపిస్తోందో చెప్పమనేవారట. తర్వాత వచ్చినవాళ్లు, లోపలి కబుర్లు సైన్సు కాదు, బయటికి కనబడేదే లెక్క అని కొట్టిపారేశారట. చేసి చూపిస్తాను, ఎవరైనా వచ్చి కూర్చుంటారా అని అడిగింది. ఎవరూ లేవలేదు. దాంతో ఆమె అటెండెంటు వైపు తిరిగింది.

దశరథరామయ్య కూర్చున్నాడు. వేలికి క్లిప్పు పెట్టారు. మెట్రోనోమ్ కొట్టుకుంటోంది.

"ఇప్పుడు మీ లోపల ఏమనిపిస్తోంది?"

"నథింగ్, మేడమ్. కామ్‌గా ఉంది."

వెనక తెరమీద నాడి గీత పరుగులు పెడుతోంది. క్లాసంతా గొల్లున నవ్వింది. "ఈయన మాట నమ్ముదామా, గీతని నమ్ముదామా?" అని మిస్ టాన్ అడిగితే చేతులన్నీ గీతకే లేచాయి. "మరి గుండె ఎందుకు అలా కొట్టుకుంటోందో గీత చెప్పదుగా? దానికి మళ్లీ ఈయన్నే అడగాలి. ఇన్నేళ్లయినా తెగని తగువు అదే" అందామె.

అనన్య ఒక్కతే చెయ్యి ఎత్తలేదు. సిగ్గుతో ఆయన చెవులు మండిపోయాయి.

క్లాసయ్యాక ఆ అమ్మాయి ట్రాలీ వెనకే లిఫ్ట్ దాకా వచ్చింది.

"డోంట్ వర్రీ లా, అంకుల్. మమ్మీకి చెప్పను" అంది అక్కడి ఇంగ్లీషు యాసలో.

హమ్మయ్య అనుకున్నాడు. అలా అనుకున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"బట్ అంకుల్, నాకు స్టిల్ నిద్ర రావట్లేదు. డాక్టర్ అక్కర్లేదని అప్పుడు చెప్పింది ఎవరు మరి?"

లిఫ్ట్ వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మళ్లీ మూసుకున్నాయి. అనన్య మెట్లవైపు వెళ్లిపోయింది.

సాయంత్రం సామాన్ల గదిలో టై చేతిలోకి తీసుకుని, గోళ్లు నొప్పెట్టేదాకా లాగి ఆ ముడి విప్పేశాడు. మళ్లీ కొక్కేనికి వేశాడు. బూడిదరంగు చొక్కాతోనే రైలెక్కి, తిన్నగా ప్రసన్నలక్ష్మి ఇంటికెళ్లి బెల్లు కొట్టాడు.

"ఇదేంటి డాక్టరుగారూ, ఈ చొక్కా ఏంటి?"

"నేను డాక్టర్ని కాదమ్మా. అక్కడ సామాన్లు మోసేవాణ్ణి. నా మాట విని పిల్లని చూపించలేదు నువ్వు. రేపే తీసుకెళ్లు."

ఆమె ఆ చొక్కా వంక చూసింది. తిట్టలేదు. లోపలికి రమ్మనలేదు.

"ఏడాది పోయిందండీ" అని తలుపేసుకుంది.

బేస్‌మెంట్‌లో కొక్కేనికి టై వేలాడుతోంది. ముడి లేకపోయినా, మెడ చుట్టూ తిరిగిన వంపు దానికింకా పోలేదు.