తలుపు పైకి చెప్పే మాట

పాలు పిండే మెషిన్ ఛాతీకి తగిలించుకుని, ఒక చేత్తో పాప బట్టలు మడతపెడుతున్నాను. బయట ఎవరో తలుపు తాళం మీద నంబరు నొక్కుతున్న చప్పుడైంది. మా నంబరు మా ఆయన పుట్టినరోజు. కన్నతల్లికి అది ఎవరైనా చెప్పాలా? అత్తగారి వెనకే మామగారు, చేతుల్లో కిమ్చీ పచ్చడి డబ్బా. నేను తువ్వాలు లాక్కునేలోపే ఆయన గబుక్కున గోడవైపు తిరిగి నిలబడ్డారు. అత్తగారు మాత్రం, "మనింట్లో మనకి సిగ్గేంటమ్మా" అంటూ నేరుగా వెళ్లి ఫ్రిజ్ తెరిచి, పోయినసారి తెచ్చిన కూరలు ఇంకా ఎందుకున్నాయని అడిగింది.

మా ఆయన గ్యుహ్వాన్, బుచాన్ ఊళ్లో ఇలాంటి తలుపు తాళాలు తయారుచేసే కంపెనీలోనే పనిచేస్తాడు. కొత్త తాళం ఏమేం చెయ్యాలో తేల్చేది వాళ్లే. ఆ సాయంత్రం ఏడుస్తూ అడిగాను, లోపల ఒక మీట నొక్కితే బయట ఏ నంబరూ పనిచెయ్యకుండా ఉండాలి, అంతే అని. కాలేజీ మధ్యలో మానేసిన నీలాంటివాళ్లకి ఏది అర్థమవుతుందో నీ దగ్గరే తెలుస్తుంది అంటుంటాడు ఎప్పుడూ. అది మెప్పో కాదో నాకు ఇప్పటికీ తెలీదు. ఈసారి మాత్రం నేను చెప్పింది ఫోన్‌లో రాసుకున్నాడు. పిచ్చిదాన్ని, పొంగిపోయాను.

మీటింగులో చాలా వాదన జరిగిందట. తాళం ఏమీ చెప్పకుండా తెరుచుకోకపోతే, బయటున్న పెద్దావిడ నంబరు మర్చిపోయాననుకుని మళ్లీ మళ్లీ నొక్కుతుంది, సైరన్ మోగుతుంది. "మా అమ్మయితే తనకి మతిపోయిందనుకుంటుంది" అన్నారట వాళ్ల పైఅధికారి బ్యోన్ గారు. అదీ నిజమే. మా అత్తగారు అలా నిలబడి తన వేళ్లని తనే అనుమానించుకోవడం నాకూ ఇష్టం లేదు. చివరికి మధ్యేమార్గంగా, మీట ఉంటుంది గానీ లోపలివాళ్లే ఆపారని తాళం బయటికి వినపడేలా పైకి చెప్పేస్తుంది అని తేల్చారు.

"అయితే ఏ కోడలు నొక్కుతుంది?" అన్నాను.

"ఎవరూ నొక్కరు. అందుకే అందరూ ఒప్పుకున్నారు" అని నవ్వాడు.

ఇంతకీ ఈ కోరిక ఎవరిదని వాళ్లు అడగలేదా అన్నాను. పాలు పిండుకుంటూ మామగారి కంటపడిన ఒక గృహిణిది అని చెప్పాడట. పేరు చెప్పలేదులే అన్నాడు.

"నీకు అలాంటి గృహిణులు ఎంతమంది తెలుసు?"

అతను అన్నం గిన్నె మీదికి వంగాడు. పాప పుట్టిన నూరోరోజు వేడుకకి ఇంటికొచ్చి, నా చేతి సూప్ తాగి వెళ్లినవాళ్లే ఆ మీటింగులోవాళ్లంతా. అప్పుడు నేను వేసుకున్న జాకెట్టు కూడా వాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఆ రాత్రినుంచి నా ఒంటిమీద ఎన్ని బట్టలున్నా చాలలేదు.

పరీక్షకని మొదటి తాళం మా తలుపుకే బిగించాడు. ఎప్పుడైనా పొరపాటున నొక్కితే, తాళం పాడైందని అమ్మతో చెప్పెయ్యి అన్నాడు. నేను దాని జోలికే పోలేదు. బాత్రూంలో కూర్చుని పిండుకోవడం మొదలుపెట్టాను.

ఇవాళ అలా కూర్చునుండగా గదిలో మా పాప తేరిన్ గుక్కపట్టింది. మెషిన్ చప్పుడులో ఎంతసేపు వినలేదో. పరిగెత్తి వెళ్లేసరికి పిల్ల ముఖం నల్లబడుతోంది. ఎత్తుకుని వీపు నిమిరితే ఊపిరి తీసుకుంది. ఒకళ్ల కళ్లకి భయపడి నేను దాక్కుంటే, నా బిడ్డ ఒంటరిగా ఏడ్చింది. దాన్ని రొమ్ముకి హత్తుకుని, అలాగే నడవలోకి వెళ్లి మీట నొక్కాను.

కాసేపటికి నంబరు నొక్కిన చప్పుడు. లోపలివారు ప్రవేశం ఆపారు అంది తాళం, తియ్యటి ఆడగొంతుతో, వరండా అంతా మోగేలా. ఎదురింటి తలుపు తెరుచుకోవడం కూడా వినిపించింది.

"ఎవరే అది? ఆ మాటన్నది ఎవరు?" అంది అత్తగారు బయటనుంచి.

చెప్పమన్న అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. నా ముఖం, మెడ, చెవులు మండిపోతున్నాయి.

"నేనే అత్తయ్యా" అన్నాను. "పాప పాలు తాగుతోంది. తాగాక తీస్తాను."