తోడల్లుళ్ళ మోకాలి పందెం

రెండు మోకాళ్ళూ అరిగిపోయాయని డాక్టరు చెప్పిన నాటి నుంచి టైలరమ్మ ఇంట్లో శాంతి లేదు. నొప్పి ఆమెది, గొడవ అదే వీధిలో ఉండే అల్లుళ్ళది.

ఆమె భయం ఒక్కటే. బట్టల కొట్టు మేడ మీద, కాలితో తొక్కే కుట్టుమిషను ఆమె బతుకుతెరువు. "నెల రోజులు సెలవు తీసుకోమ్మా. అప్పటికీ తొక్కలేకపోతే ఆ మిషను ఇంకొకరికి ఇవ్వక తప్పదు" అని యజమాని మర్యాదగానే చెప్పాడు.

ఫిజియో అమ్మాయి చూసి, "గోరువెచ్చటి నీళ్ళల్లో వ్యాయామంతో మొదలుపెడదాం పిన్నిగారూ. పట్టీలూ మిషన్లూ తర్వాత, ఒక్కొక్కటే వాడి చూద్దాం" అంది. ఆ మాట చెవిన పెడితే వాళ్ళు అల్లుళ్ళెలా అవుతారు!

"ఈ వయసులో నీళ్ళల్లో గంతులేంటి అత్తయ్యగారూ? నలుగురూ నవ్విపోరూ!" అంటూ పెద్దల్లుడు బిగుతైన మోకాలి పట్టీ కొనుక్కొచ్చాడు. చిన్నల్లుడు తన తల్లి వాడి పడేసిన, నొప్పికి కరెంటు పెట్టే మిషను దులిపి తెచ్చాడు. ఏది గొప్పదో తేల్చాలని, ఎడమ కాలికి పట్టీ, కుడి కాలికి కరెంటు అని పంచేసుకున్నారు. ఆమె కాళ్ళు పంచుకోవడానికి వీళ్ళెవరట? కూతుళ్ళేమో మొగుళ్ళు తానా అంటే తందానా.

ఛీ, ఆ నెల తలుచుకుంటేనే రోత. పట్టీ కింద చర్మం చెమటకు నాని తెల్లబడింది, విప్పితే పుల్లటి కంపు. కరెంటు మిషను జిగురు బిళ్ళలకు వియ్యపురాలి నెరిసిన వెంట్రుకలు ఇంకా అంటుకునే ఉన్నాయి. కడిగితే జిగురు పోతుందట, కడగనివ్వడు! అవి మోకాలికి అతికిస్తుంటే ఆమె మొహం పక్కకు తిప్పుకునేది.

"పట్టీ కాలే తేలిగ్గా ఉంది కదూ?" అని ఒకడు. "నిజం చెప్పండి, కుడి కాలేగా?" అని ఇంకొకడు. అసలు నొప్పి తగ్గిందా అని అడిగిన పాపాన ఎవడూ పోలేదు. ఎద్దు పుండు కాకికి ముద్దని ఊరికే అన్నారా! అల్లుళ్ళకు ఎదురు చెప్పడం అలవాటు లేక ఆమె అన్నిటికీ తలూపింది.

నెల తిరిగాక గోడ పట్టుకుని మేడ ఎక్కింది. బిగుసుకుపోయిన ఎడమ కాలు వంగనంది. కుడి కాలు పెడల్ మీద గడగడా వణికింది. ఎంత ప్రయత్నించినా సూది కదల్లేదు. యజమాని తల దించుకుని, "రేపటి నుంచి వేరే ఆవిడ వస్తుందమ్మా" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి కూతుళ్ళ మధ్య తోడల్లుళ్ళిద్దరూ తీర్పు కోసం కాచుక్కూర్చున్నారు.

"ఇవాళ తేల్చేయండి అత్తయ్యగారూ! ఎడమా, కుడా?"

టైలరమ్మ పట్టీ విప్పి పెద్దల్లుడి ఒళ్ళోకి విసిరింది. కరెంటు మిషను చిన్నల్లుడి కాళ్ళ దగ్గర పడేసింది.

"నా మిషను పోయింది. మీ పందెంలో పోయింది. మిమ్మల్ని చూస్తుంటే అసహ్యమేస్తోంది బాబూ. మీ నాలుగు కాళ్ళూ బాగానే ఉన్నాయిగా? లేచి గుమ్మం దాటండి."

"అమ్మా! ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తోందా?" అని పెద్దకూతురు లేచింది.

"ఎలాగూ లేచావు, నువ్వూ నడువు" అంది తల్లి.