బండికి గంట కట్టాలట

మా ఊళ్లో పశువులకు నా బండి అంటే భయం లేదు. భయపడింది మనుషులే, అందులోనూ గ్రామాభివృద్ధి కమిటీలో కుర్చీలేసుకుని కూర్చునే మనుషులు. ఈ సంగతి మర్యాదగా చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. మర్యాదగా చెబితే ఎవరి చెవికీ ఎక్కలేదు కాబట్టి ఉన్నదున్నట్టే చెబుతాను.

నా పేరు మహిమ. బోథ్‌కు ఏడు కిలోమీటర్ల దూరంలో మా ఊరు. మా ఊరితో కలిపి తొమ్మిది పల్లెల్లో ఎదకొచ్చిన ఆవులకూ బర్రెలకూ చూడి కట్టేందుకు సూది వేయడం నా పని. ఎదకొచ్చిన ఆవుకు ఒక్క పూటే సమయం. ఆ పూట దాటిందా, మళ్లీ ఇరవై ఒక్క రోజులు ఆగాలి. ఆగినన్నాళ్లూ ఒట్టిపోయిన ఆవును ఊరికే మేపాలి. అందుకే ఫోను రాగానే నేను బయలుదేరాలి. పోయే దారి రోడ్డు కూడా కాదు, ఎడ్లబండ్ల బాట, దాన్ని దాటితే వాగు, వాగు దాటితే రాళ్లు.

నాకు ముందు ఈ పని పర్శరాములు సారు చేసేవారు. ఆయన పెట్రోలు బండి చప్పుడు పశువులకు అర కిలోమీటరు నుంచే తెలిసిపోయేది. సూది వస్తోందని తోకలెత్తి అడవిలోకి లంఘించుకునేవి. కట్టేసి ఉంచితే తలుగు తెంపుకునేవి. బెదిరి వణికే ఆవుకు సూది వేసినా చూడి నిలిచేది తక్కువ. సారు రిటైరయ్యాక ఆయన బండే నేను కొనుక్కుని రెండేళ్లు తిరిగాను. ఆ రెండేళ్లలో ఆవులకు సూది వేసింది తక్కువ, వాటి వెనుక పరుగెత్తింది ఎక్కువ.

అప్పుడు శ్రీరాంపూర్‌లో ఈ కరెంటు బండి అమ్మకానికి ఉందని తెలిసింది. రాకేశ్ అని, బొగ్గు బాయి కార్మికుడి కొడుకు. ఓపెన్‌కాస్టు మట్టి గుట్టల మీద తోలడానికి కొన్నాడు. గార్డులు రెండుసార్లు పట్టుకునేసరికి వాళ్ల బాపు అమ్మేయమని కూర్చున్నాడు. గేర్లు లేవు, పొగ లేదు, టైర్లకు బొటనవేలంత గుబ్బలు. ఇది గుట్టల్లో, బాటల్లో తోలడానికే తప్ప రోడ్డెక్కకూడదని, దీనికి నంబరు రాదని కాగితం చూపించి మరీ చెప్పాడు. ట్రాలీ ఆటోలో వేసుకుని తెచ్చుకున్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు బండి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు.

రోడ్డెక్కకూడదంటే నేను ఎక్కలేదు. మా బాట తారు రోడ్డును ఒక్క చోట దాటుతుంది. అక్కడ దిగి, బండిని నెట్టుకుంటూ అవతలికి పోయి మళ్లీ ఎక్కుతాను. హోటల్ దగ్గర కూర్చున్నవాళ్లు దాన్ని చూసి నవ్వేవాళ్లు. నంబరు లేని ట్రాక్టర్లు వాళ్ల కళ్ల ముందే రోజుకు పది పోతాయి. వాటిని చూసి ఒక్కడూ నవ్వడు.

నాకు ఆ బండి మీద ప్రాణం. మూడుసార్లు పడ్డాను, మోచేతి మీద మచ్చ ఉంది, అయినా ప్రాణమే. వాగు ఇసుకలో నిలబడి తోలాలి, మోకాళ్లు వదులుగా ఉంచాలి, భయపడి యాక్సిలరేటరు వదిలామా, ముందు చక్రం ఇసుకలో దిగబడుతుంది. నల్లరేగడి తడిస్తే టైర్లకు ముద్దలు ముద్దలుగా అంటుకుని చార్జింగు తాగేస్తుంది. పావు వంతు కన్నా తక్కువ ఉంటే గుట్ట ఎక్కకూడదని ఒకసారి నాలుగు కిలోమీటర్లు నెట్టాక తెలుసుకున్నాను. సూదిమందు ఉండే క్యాను పెట్టుకోవడానికి బోథ్‌లో వెనుక ఇనుప గూడు వెల్డింగు చేయించాను. గొలుసు గరగర తప్ప వేరే చప్పుడు లేదు. ఆవు దగ్గరికి పోతే తలెత్తి చూసి మళ్లీ మేత మీదికి వంగేది. ఆరు నెలల్లో ముందు రెండేళ్లకన్నా ఎక్కువ ఆవులు చూడి కట్టాయి.

వానాకాలంలో ఊళ్లో మేకలు పోవడం మొదలైంది. నాలుగిళ్లలో పదకొండు మేకలు. నాగవ్వవి రెండు. నాగవ్వ ఊరి చివర ఒక్కతే ఉంటుంది, ఆ రెండు మేకలూ ఒక ఎర్రావూ ఆమె ఆస్తి. పడమటి చేను గట్టు మీద జీపు టైర్ల గుర్తులు అందరూ చూశారు. చూసి, నన్ను పిలిపించారు.

కమిటీ అధ్యక్షుడు మల్లేష్. మా చర్చి వాడ నుంచి ఆ కమిటీలో ఎవరూ లేరు, ఎప్పుడూ లేరు. మల్లేష్ గొంతులో తేనె పోసుకుని మాట్లాడాడు.

“నీ మీద అనుమానం కాదు బిడ్డా. కాని చప్పుడు లేకుంట వచ్చే బండిని ఊరు ఎట్ల నమ్ముతది?”

“మేకలు జీపుల పోయినయి,” అన్నాను. “టైర్ల గుర్తులు మీరే చూసిన్రు. నా బండి మీద నేనొక్కదాన్ని కూసునుడే కష్టం. పదకొండు మేకలను యాడ వెట్టుకుంట?”

అది జవాబు కాలేదు, ఎదురు మాట్లాడటం అయింది. ఆడపిల్లకు గంత నోరు వద్దని ఒకరు, అసలు బండే బందు పెట్టాలని ఇంకొకరు. సదానందం ఒకప్పుడు పాలఐసు బండి తోలేవాడు. ఆ బండి గంట ఇంకా ఇంట్లో ఉందని, అది నా బండికి కడితే సరిపోతుందని అన్నాడు. అందరూ భేష్ అన్నారు. బండి కదిలినంతసేపూ గంట మోగాలి. మోగకపోతే నాకూ, నన్ను పిలిచిన ఇంటికీ అయిదు వేలు జరిమానా. ఆడవాళ్ల వైపు నాగవ్వ కూర్చుని ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, సరే అన్నట్టు తల ఊపింది. మల్లేష్ మీద వచ్చిన కోపం కన్నా ఆ తల ఊపుడు మీద వచ్చిన కోపం నాకు ఎక్కువ.

సాయంత్రం డప్పు కొట్టి సాటింపు వేశారు. గంటే గదా కట్టుకో బిడ్డా అన్నాడు మా బాపు ప్రేమ్‌చంద్. ఆయన జన్మంతా ఇట్లాగే, ఇదే గదా, అదే గదా అనుకుంటూ తల వంచాడు. ఆ రాత్రి నేను ఆయనతో మాట్లాడలేదు.

గంట కట్టుకున్నాను. కట్టుకోకపోతే ఎవరూ పిలవరు, పిలవకపోతే పని పోతుంది. పిల్లలు ఐసు వచ్చిందనుకుని నా వెంట పడేవాళ్లు. ఐసు లేదని తెలిసి ఏడ్చేవాళ్లు. అది నవ్వులాటే. పశువులతో నవ్వులాట కాలేదు. ఆ గంట వినబడితే సూది పడుతుందని వాటికి తెలియడానికి పది రోజులు పట్టింది. మళ్లీ తోకలెత్తాయి, మళ్లీ తలుగులు తెంపాయి. ఈలోగా ఊళ్లో ఇంకో రెండు మేకలు పోయాయి. గంట మోగుతూనే ఉంది.

నాగవ్వ ఎర్రావు ఎదకొచ్చిందని ఫోను వచ్చింది. అప్పటికే రెండుసార్లు సూది వేసినా అది నిలవలేదు. ఈసారీ కాకపోతే అంగడికి తోలేస్తానని నాగవ్వ అల్లుడు చెప్పి పోయాడు. ఒట్టిపోయిన ఆవును అంగడిలో ఎవరు కొంటారో అందరికీ తెలుసు. నేను వాగు దాటుతుండగానే ఆవు గంట విన్నది. గుంజ పెకలించుకుని అడవిలో పడింది. చీకటి పడేదాకా నాగవ్వా నేనూ వెతికాం. మర్నాడు దొరికేసరికి పూట దాటిపోయింది. ఇంకొక్క ఇరవై ఒక్క రోజులు ఆగమని అల్లుణ్ని ఫోనులో బతిమాలుతూ నాగవ్వ ఏడ్చింది. ఆయన ఆగుతానన్నాడు, ఒక్కసారికే.

ఆ ఇరవై ఒక్క రోజులూ నిండబోతుండగా, ఒక పొద్దున నేను తారు రోడ్డు దాటిస్తూ బండి నెడుతుంటే మల్లేష్ ఎదురొచ్చి ఆగాడు. అటూ ఇటూ చూశాడు.

“మా బర్రె ఎదకొచ్చింది. జర గంట తీసి రా. అది శానా బెదురుతది.”

“మరి తీర్మానం?”

“మా ఇంటి సంగతే గదా. ఎవరు చూస్తరు?”

మొహం ఎర్రబడటం కానీ, మాట తడబడటం కానీ లేదు. అక్కడే గంట మోగించుకుంటూ వాళ్ల కొట్టందాకా పోవాలనిపించింది. పోలేదు. బర్రె ఏ తీర్మానం చేయలేదు. గంట తీసి సంచిలో వేసుకుని పోయాను. మల్లేష్ భార్య మమతారాణి బర్రె మెడ పట్టుకుని నిలబడింది. అది కదలనైనా కదలలేదు.

మూడో రోజు తెల్లవారుతుండగా నాగవ్వ ఫోను చేసింది. పోయి, ఆమె ఇంటికి రెండు చేన్ల ఇవతలే బండి ఆపి, నడిచి వెళ్లాను. గంట తీస్తే జరిమానా నీకూ పడుతుంది అవ్వా అని చెప్పాను. మల్లేష్ బర్రె సంగతీ చెప్పాను. ఆమె నాతో చేను దాకా వచ్చి, పంటితో తాడు ముడి విప్పి, గంటను తన చేతులతోనే తీసింది. ఎర్రావు ఆ రోజు నిలబడి సూది వేయించుకుంది.

పత్తి చేలో నుంచి సదానందం చూశాడు. ఆ మర్నాడే కమిటీ కూర్చుంది. మేకల దొంగల కోసం ఇంత తొందరగా ఎన్నడూ కూర్చోలేదు. నాకూ నాగవ్వకూ జరిమానా అన్నాడు మల్లేష్. నేను లేవబోయాను. నాకన్నా ముందు నాగవ్వ లేచింది. కొంగు నోటి మీద లేదు.

“నీ బర్రెకు లేని గంట నా ఆవుకు ఎందుకు మల్లేషూ?”

గుసగుసలు లేచాయి. మల్లేష్ చెయ్యెత్తి అందరినీ ఆపాడు. గంట మోగితే విన్నోళ్లు ఉంటరు, మోగలేదని ఎవరు విన్నరు, ఉంటే ముందుకొచ్చి చెప్పమనండి అన్నాడు. ఎంత తెలివి. ఆ తెలివికి నా ఒళ్లు మండిపోయింది. నేనే సాక్ష్యం అంటే, నువ్వు తప్పు చేసినదానివి, నీ మాట చెల్లదన్నారు.

వెనుక గోడ దగ్గర నుంచి మమతారాణి లేచింది. ఆ కమిటీ హాల్లో ఆమె గొంతు నేను అంతకుముందెన్నడూ వినలేదు.

“మొన్న పొద్దుగాల మహిమ మా కొట్టం కాడికి వచ్చింది. గంట లేదు. నువ్వే తీసి రమ్మన్నవ్. బర్రెను పట్టుకున్నది నేనే.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ నాకు క్షమాపణ చెప్పలేదు. మల్లేష్ ఈ సంగతి వచ్చే వారం చూద్దామని లేచిపోయాడు. ఆ వచ్చే వారం ఇప్పటికీ రాలేదు. జరిమానా రద్దు అని సాటింపు వేయించలేదు. గంట కట్టమన్నప్పుడు ఊరంతా వినబడిన డప్పుకు, తప్పయిందని చెప్పాల్సి వచ్చేసరికి తోలు లేకుండా పోయింది. మర్నాటి నుంచి నేను గంట లేకుండానే తిరుగుతున్నాను. ఆడవాళ్లు ఫోను చేసి రమ్మంటారు, మగవాళ్లు చూడనట్టు తల తిప్పుకుంటారు. నా కోపం ఇంకా పోలేదు, పోగొట్టుకునే ఉద్దేశం కూడా లేదు.

ఇరవై ఒక్క రోజులకు ఎర్రావు ఎదకు రాలేదు. అయినా అంత తొందరగా నమ్మకూడదు. మూడో నెలలో చెయ్యి పెట్టి చూడటానికి పోయాను. నాగవ్వ ఆవు మెడ పట్టుకుని నిలబడింది. నేను తొడుగు వేసుకుంటుంటే, ఆ రోజు కమిటీల నేను తల ఊపిన బిడ్డా, మేకలు పోయిన రందిల ఊపిన అంది. ఊపినవ్ అవ్వా, నేను చూసిన అన్నాను. పోనీలే అని మాత్రం అనలేదు. ఆమె కూడా అనమని అడగలేదు.

చేతికి తెలిసింది. ఇంకోసారి సరిచూసుకున్నాను.

“చూడి కట్టింది అవ్వా.”

నాగవ్వ ఆవు మెడ మీద మొహం పెట్టుకుంది. తర్వాత కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది.

“కమిటోళ్లకు చెప్పు. జరిమానా గావాల్నంటే వచ్చి గీ ఆవును అడుగుమను.”