మంచం పక్కన నిలువెత్తు

కోసిన గాజు అంచును సానరాయితో రుద్దుతూనే, అద్దాల కొట్లో పనివాడు లోపలికి వచ్చిన మనిషి మాట విన్నాడు. నిలువెత్తు అద్దం కావాలట. "ఎవరి నిలువు?" అన్నాడు తలెత్తకుండా. నిలువెత్తు అనేది అంగుళాల్లో ఉండదు, ఎదురుగా నిలబడేవాళ్ళలో ఉంటుందని అతని సిద్ధాంతం. సిద్ధాంతానికున్న ఎత్తు మనిషికి లేదు. బేరం చెడినప్పుడల్లా యజమాని అతన్ని "నన్ను నిలువునా కోసేవాడు" అని తిట్టుకునేవాడు.

అతని పెళ్ళాం మాత్రం పొడగరి. వీధివాళ్ళు ఇద్దరికీ కలిపి నిచ్చెనా మెట్టూ అని పేరు పెట్టారు. ఎత్తూ పొడుగూ చూసి విసిరే ఆ ఎత్తిపొడుపులకు అందరికంటే ముందు ఆమే నవ్వేది. నడుము పడిపోయాక మంచం ఎంతో ఆమె అంత. చేతి అద్దంలో ముఖం తప్ప మిగతా తనను చూసుకుని ఏళ్ళయింది. ఒక్కసారి మొత్తం చూపించమని రోజూ అడిగేది. ఏం కనపడుతుందోనని హడలిపోయి, అతను రోజూ మరిచిపోయేవాడు. కొట్లో మాత్రం ప్రతి అద్దంలోనూ అతని వెనక ఆమె నిలబడే ఉండేది. తిరిగి చూస్తే గోడ.

ఈ ఉదయం ఆమె అడగలేదు. అందుకు అతనికి ఇంకా భయం వేసింది.

మధ్యాహ్నం, మూల విరిగిన పెద్ద అద్దాన్ని యజమానిని అడిగి పుచ్చుకున్నాడు. టేపు తీయలేదు. తన తల ఆమె చెవిదాకా వచ్చేది. ఆ పైన ఉన్నది జ్ఞాపకంతో కొలిచి గీత గీశాడు.

సాయంత్రం ఆ అద్దాన్ని మంచం పక్క గోడకు అడ్డంగా బిగించాడు. ఆమె తల తిప్పి చూసింది. ముడుచుకున్న మోకాళ్ళ దగ్గరే మనిషి అయిపోయింది. అద్దం ఇంకా మిగిలింది.

"ఇంత పొడుగు ఎవరికయ్యా?"

"నీకే."

ఆమె మోకాళ్ళు సాపు చేయమంది. నొప్పికి పళ్ళు బిగించింది గానీ, మడమలు అద్దం చివరకు చేరేదాకా అతన్ని ఆగనివ్వలేదు.

"చెప్పులు తొడుగు. నిలబడ్డ మనిషికి వట్టికాళ్ళేంటి?"

చెప్పులున్న అటక అతనికి అందదు. స్టూలెక్కి దించి, దులిపి తొడిగాడు. తలనుంచి కాళ్ళదాకా చూసుకుని, పక్కన పడుకోమంది. పడుకున్నాడు.

"నిచ్చెన లేచింది" అంది.

ఇద్దరూ అద్దంలోకే చూస్తున్నారు. వెలుతురు తగ్గేసరికి, అందులో దుప్పటి ఒకరి గుండెల మీదే కదులుతోంది.

ఆమెను మోసుకెళ్ళాక మంచం చివర చెప్పులు మిగిలాయి, పక్కపక్కనే, వాటిలో ఎవరో నిలబడి ఉన్నట్టు.