చుక్కల కోసం ఎగిరిన స్ఫటికం

నేను ఒక స్ఫటికాన్ని. సోడియం అయొడైడ్ అనే ఉప్పును కొలిమిలో కరిగించి, వారాల తరబడి మెల్లగా చల్లార్చి నన్ను చేశారు. కంటికి కనపడని గామా కిరణం తగిలితే నాలో చిన్న మెరుపు పుడుతుంది. నాకొచ్చిన విద్య అదొక్కటే. తడి తగిలితే అదీ పోతుంది. అందుకే అల్యూమినియం డబ్బాలో పెట్టి, చుట్టూ స్పాంజి చుట్టారు.

మన పాలపుంత నడిబొడ్డు నుంచి అలాంటి కిరణాలు అనుకున్న దానికన్నా ఎక్కువగా వస్తున్నాయి. ఎక్కడివో తెలియదు. పక్కింట్లో చప్పుడైతే పట్టించుకోని మనుషులు, అంత దూరపు వెలుగు ఎవరిదా అని ఏళ్ల తరబడి తల పట్టుకుంటారు. హైదరాబాదులో సుభాషిణి అనే శాస్త్రవేత్తకు కొన్ని చచ్చిపోయిన నక్షత్రాల మీద అనుమానం. ఒక ఉదయం నన్ను పెద్ద బెలూనుకు కట్టి పైకి పంపింది.

గాలి పలచబడ్డ ఆ ఎత్తులో పగలంతా మెరిశాను. సాయంత్రం పారాచూట్‌తో తాండూరు దగ్గర ఒక చేలో దిగాను. డబ్బా చిట్లింది. మబ్బు కమ్ముకొస్తోంది.

ఆ చేను లింగవ్వది. కళ్లంలో కందుల మీది టార్పాలిన్ లాక్కొచ్చి నా మీద కప్పింది.

"కందులు తడుస్తయి. నీకేమన్న పిచ్చి లేసిందా?" అన్నాడు భర్త మల్లయ్య.

"ఎవరిదో ఏమో. గింత జాగర్తగ సుట్టిండ్రంటే తడవొద్దనే గద."

మల్లయ్య గొణుక్కుంటూనే అంచుల మీద రాళ్లు పెట్టాడు.

మర్నాడు సుభాషిణి వచ్చింది. నన్ను చూసి ఊపిరి పీల్చుకుంది. తడిసిన కందులు చూసి చెప్పులు విడిచి కళ్లంలోకి దిగింది. ఆ రోజంతా వాళ్లతో కలిసి కందులు ఎండబోసింది.

తర్వాత కొత్త డబ్బాలో మళ్లీ ఎగిరాను. ఆ నక్షత్రాల వైపు తిప్పినప్పుడల్లా నాలో మెరుపులు చిక్కబడ్డాయి. చివరికి ఎలాగో తడి చేరి పచ్చబడి, మసకబారి, పనికిరాకుండా పోయాను. సుభాషిణి నన్ను సంచిలో పెట్టుకుని లింగవ్వ ఇంటికి తీసుకెళ్లింది. ఆ ఏడే మల్లయ్య పోయాడని అక్కడికి వెళ్లాకే తెలిసింది.

"నీ సుక్కలు దొరికినయా బిడ్డా?" అని లింగవ్వే అడిగింది.

"దొరికినట్టే ఉన్నాయవ్వా. ఇంకా గట్టిగా చెప్పలేను. చచ్చిపోయినా గిరగిరా తిరుగుతూనే ఉన్నాయి. ఆ వెలుగు వాటిదే అనుకుంటున్నాను."

లింగవ్వ గూట్లో ఉన్న మల్లయ్య ఫోటో వైపు చూసింది.

"పోయినంక గూడ ఎలుగిస్తయా?"

సుభాషిణి తలూపి, నన్ను సంచిలోంచి తీసి ఆమె చేతిలో పెట్టింది.

"దీంతోని నీకింక పనిలేకుంటే ఈడ్నే ఉండనియ్యి."

ఇప్పుడు గూట్లో మల్లయ్య ఫోటో పక్కన ఉంటున్నాను. ఎక్కడివో కిరణాలు ఇప్పటికీ అప్పుడప్పుడు తగులుతాయి. మసకగా మెరుస్తాను. లింగవ్వకు అది కనపడదు. అయినా పొద్దున్నే ఫోటో తుడిచిన కొంగుతోనే నన్నూ తుడుస్తుంది.